రెండో వరస

గుణుపురంలో బోర్డులు రాసేది నేనే.
షాపులకి, లారీలకి,
చచ్చిపోయినోళ్ల ఫొటోల కింద తేదీలకి.

తెలుగులో నా సంతకం వైకుంఠం.
ఒడియా వాళ్ల నోట్లో వ నిలవదు,
అక్కడ నేను బైకుంఠొ.
పింఛను గుమస్తా రెండు కాయితాలు పక్కపక్కన పెట్టి
"వీళ్లిద్దర్లో నువ్వెవరు?" అన్నాడు.
ఇద్దరం ఒకళ్లమేనని స్టాంపు కాయితం మీద రాయించి
నోటరీకి రెండొందలు కట్టి తెచ్చాను.
ఇద్దరికీ కలిపి ఒక్క పింఛనే.

హైస్కూలు బోర్డు నా చేతిదే, ముప్పై ఏళ్ల కిందటిది.
పైన ఒడియా, కింద తెలుగు.
ఒడియా అక్షరానికి ముందు గొడుగు వెయ్యాలి,
తరవాత దాని కింద ఎవరున్నారో చూసుకోవాలి.
తెలుగుకి ఒళ్లంతా అయ్యాక ఆఖర్న తలకట్టు,
పెళ్లికొడుక్కి బాసికం కట్టినట్టు.
కుంచె ఒకటే.
మణికట్టు తిరిగే వైపే వేరు.

మొన్న కమిటీ కూర్చుంది.
ఒక్క వరసే ఉండాలని పైనుంచి కాయితం వచ్చిందట.
తెలుగు చదివే పిల్లలు పదకొండు మందే,
తెలుగు మేష్టారు రిటైరై నాలుగేళ్లు,
ఆయన కుర్చీలో ఇప్పుడు సున్నం బస్తా కూర్చుంటోంది.
ఇంకా ఆ వరసెందుకని పాణిగ్రాహి మేష్టారు
శుభ్రమైన తెలుగులో అడిగాడు.
ఉండి తీరాలని మా గేదెల తవిటయ్య
బల్ల గుద్ది ఒడియాలో చెప్పాడు.
రెండు గంటలు.
కోపం పెరిగే కొద్దీ ఒకళ్ల భాషలోకి ఇంకొకళ్లు దిగిపోయేవారు,
అవతలోడికి బాగా తగలాలి కదా.
మధ్యలో టీ వచ్చింది.
పంచదార ఎక్కువైందని ఇద్దరూ ఒకే మాటన్నారు.
ఆఖరికి "రేపు చెరిపెయ్" అని నాతో అన్నారు.
ఎవరన్నారో, ఏ భాషలో అన్నారో
ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.

రాయడానికీ చెరపడానికీ నా దగ్గర రేటొకటే.
పనిలో మోసం చెయ్యలేదు,
నీలం ఎనామిల్, రెండు కోట్లు.
కానీ పాత రంగు మందం ఎక్కడికి పోతుంది?
నాలుగింటికి వంశధార మీంచి ఎండ ఏటవాలుగా పడేసరికి
ఉన్నత పాఠశాల అని మొత్తం లేచి నిలబడింది,
నీలం మీద నీలం.
మూడో కోటు అడిగితే వేద్దును.
ఎవరూ అడగలేదు.

ఇంట్లో మా మనవరాలు
చింతపండు, ఉల్లిపాయలు, ఎండుచేపలు అని
తెలుగు సరుకులు ఒడియా అక్షరాల్లో రాసి పంపిస్తుంది.
ఇంతవరకు కొట్లో ఏదీ తక్కువ రాలేదు.

ఆ రోజు నిచ్చెన పట్టుకున్న కుర్రాడు సొంబారు,
కొండమీది సవర పిల్లాడు, ఎనిమిదో తరగతి.
కమిటీ గది కిటికీ దగ్గర నిలబడి
అంతా విన్నాడట.
"మీ మాటకి రాత ఉందేట్రా?" అన్నాను, ఊరికే.
"ఉంది తాతా. కొండ మీద, రాయి మీద. దీపం ఎడతాం."
"చదువుతారా?"
"మొక్కుతాం."
"మరి బళ్లో?"
నవ్వాడు.
నిచ్చెన కాస్త కదిలింది.

డబ్బా అడుగున తెల్లరంగు మిగిలింది.
నేను బీడీ కాల్చుకొచ్చేలోగా
ఒకటో మెట్టు మీద వేలితో ఏదో గీశాడు.
నలభై ఏళ్లు అక్షరాలమ్ముకు బతికినోణ్ణి,
ఒక్క గీత నోటికి పలకలేదు.
"ఏటిరా ఇది?"
"నా పేరు."

అప్పటికే ఆరిపోయింది.
కిరసనాయిలు గుడ్డ పెడితే పోతుంది, పెట్టలేదు.
చిన్నప్పుడు కాలు తగిలిన పుస్తకాన్ని
మా అమ్మ నా చేత కళ్లకద్దించేది.

మోకాళ్లు మొర్రోమంటున్నాయి.
అయినా ఇప్పుడు నిచ్చెన
రెండో మెట్టు నుంచే ఎక్కుతున్నాను.